‘చికెన్’ అని పెద్దక్షరాల్లో ఉన్నా చిన్నక్షరాలు చదవాల్సిందే

పాఠకుల ప్రశ్నలు: తిండి, మందులు
(జవాబులు ఇస్తున్నవారు అమెరికాలోని నార్త్ కరోలినాలో ఫార్మసిస్టు)

ప్రశ్న: అమ్మా, మాది నరసరావుపేట. మా అబ్బాయి అమెరికాలో, అర్కాన్సాస్ రాష్ట్రం బెంటన్‌విల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన వేసవిలో వాడికి పిడుదు కుట్టిందట. అప్పట్నుంచి వేటమాంసం తింటే అర్ధరాత్రి ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు. రెండోసారి ఊపిరాడక అంబులెన్సులో తీసుకెళ్లారు. రక్తపరీక్ష చేసి ‘ఆల్ఫా గాల్’ ఎలర్జీ అని చెప్పారు. మేక, గొర్రె, పంది, గొడ్డు మాంసం ఏదీ ముట్టకూడదట. అన్నీ మానేశాడు. అయినా మొన్న మళ్లీ దద్దుర్లు వచ్చాయి. ఏదో ప్యాకెట్లో ఉండి ఉంటుందంటున్నాడు. వచ్చే నెల ఆరు నెలలకని నేను వెళ్తున్నాను. అక్కడి షాపుల్లో ప్యాకెట్ కొనేటప్పుడు ఏం చూడాలి? ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలను గానీ అర్థం అంతంతమాత్రం. ఇంకో మాట. వాడికి పప్పన్నంలో నెయ్యి వేయొచ్చా, వద్దా?

జవాబు: పిన్నిగారూ, మీ ఉత్తరం చదువుతుంటే నా పాత రోజులు కళ్లముందు తిరిగాయి. నాకూ ఇదే ఎలర్జీ. 2018 జూన్‌లో మా పెరట్లో సొరపాదు కింద గడ్డి పీకుతుంటే మడమల దగ్గర మూడు పిడుదులు పట్టుకున్నాయి. పీకి పారేసి మర్చిపోయాను. నెలన్నర తర్వాత ఒక గృహప్రవేశంలో రాత్రి ఎనిమిదింటికి మేకమాంసం కూర తిన్నాను. ఒంటిగంటన్నరకి అరచేతులు దురదపెట్టి మెలకువ వచ్చింది. లైటు వేసి చూసుకుంటే పొట్ట మీద, తొడల మీద దద్దుర్లు. బాత్‌రూమ్ దాకా నడవలేక గోడ పట్టుకుని కూర్చుండిపోయాను. మందుల పనిలో ఉండీ నాకే తట్టలేదు, ఐదు గంటల కిందట తిన్న కూర వల్ల ఇలా అవుతుందని. మామూలు ఎలర్జీ అయితే తిన్న కాసేపట్లోనే బయటపడుతుంది. ఇది రెండు నుంచి ఆరు గంటలు ఆగి వస్తుంది.

ఎందుకిలా అవుతుందో రెండు మాటల్లో చెప్తాను. ఆల్ఫా గాల్ అనేది ఒక రకం చక్కెర. పాలిచ్చి పిల్లల్ని పెంచే జంతువుల ఒంట్లో దాదాపు అన్నిటిలో ఉంటుంది. మనుషుల్లో, చింపాంజీలాంటి తోకలేని కోతుల్లో, మన దేశపు కోతుల్లో ఉండదు. అమెరికాలో లోన్ స్టార్ టిక్ అనే పిడుదు ఉంది. ఆడదానికి వీపు మీద తెల్లటి చుక్క ఉంటుంది. అది కుట్టినప్పుడు కొందరి ఒళ్లు ఆ చక్కెరని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. దీన్ని కనిపెట్టింది కూడా ఒక మందు వల్లే. క్యాన్సర్‌కి ఇచ్చే సెటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్ కొన్ని రాష్ట్రాల్లోని రోగులకే ఎందుకు తీవ్రమైన ఎలర్జీ తెస్తోందా అని వర్జీనియా యూనివర్సిటీలో థామస్ ప్లాట్స్-మిల్స్ బృందం ఆరా తీసింది. ఆ మందులో ఆల్ఫా గాల్ ఉందని 2008లో ప్రచురించారు. ఆయనకీ పిడుదులు కుట్టి, గొర్రెమాంసం తిన్న రాత్రి దద్దుర్లు వచ్చాయి. 2010 నుంచి 2022 దాకా అమెరికాలో 1,10,000కి పైగా అనుమానిత కేసులు బయటపడ్డాయి. పరీక్ష చేయించుకోనివాళ్లని కూడా కలిపితే 4,50,000 దాకా ఉండొచ్చని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2023లో లెక్క కట్టింది. మీ అబ్బాయి ఉండే అర్కాన్సాస్, మా నార్త్ కరోలినా రెండూ ఆ పిడుదు బాగా తిరిగే చోట్లే.

ఇక ప్యాకెట్ల సంగతి. కాస్త వివరంగానే చెప్తాను, మీకు రోజూ పని పడేది ఇక్కడే.

అమెరికా ప్యాకెట్ వెనక మూడు చోట్ల రాత ఉంటుంది. కేలరీలు, కొవ్వు లెక్కలుండే గళ్ల పెట్టె ఒకటి. దాని కిందో పక్కనో ‘ఇంగ్రీడియెంట్స్’ అని సన్నటి అక్షరాల్లో పెద్ద జాబితా. దాని చివర ‘కంటైన్స్’ అని బొద్దుగా ఒక్క లైను. మీ అబ్బాయిని అడిగి చూడండి, వాడు చదివేది ఆ ఒక్క లైనే అయి ఉంటుంది. నేనూ మొదట్లో అంతే. ఆ లైను 2004లో వచ్చిన చట్టం ప్రకారం వేసేది. పాలు, గుడ్డు, చేప, రొయ్య పీత జాతి, జీడిపప్పు బాదంలాంటివి, వేరుశెనగ, గోధుమ, సోయా, 2023 జనవరి నుంచి నువ్వులు. మొత్తం తొమ్మిది. పంది, గొడ్డు, మేక ఆ తొమ్మిదిలో లేవు. అంటే ప్యాకెట్లో పంది కొవ్వు ఉన్నా ‘కంటైన్స్’ లైన్లో కనపడదు. జాబితాలో మధ్యలో ఎక్కడో, దాని సొంత పేరుతో ఉంటుంది. ఆ పేర్లు మనకి తెలియాలి.

అబ్బాయి చేత ఒక చీటీ మీద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాయించుకుని పర్సులో పెట్టుకోండి. అర్థం తెలియకపోయినా పర్లేదు, అక్షరాలు జత చూసుకుంటే చాలు. జెలటిన్. కొలాజెన్. లార్డ్, అంటే పంది కొవ్వు. టాలో, సూయెట్, అంటే గొడ్డు కొవ్వు. బీఫ్, పోర్క్, ల్యాంబ్, మటన్, వీల్, బేకన్, హ్యామ్. బోన్ బ్రాత్. వీటిలో ఏ ఒక్కటి కనపడినా ప్యాకెట్ తిరిగి అరలో పెట్టేయండి.

వీటిలో ఎక్కువ మోసపోయేది జెలటిన్‌తో. పంది తోలు, పశువుల తోళ్లు, ఎముకలు ఉడికించి తీసే జిగురది. వాసనా ఉండదు, రుచీ ఉండదు. అందుకే ఎక్కడైనా కలుస్తుంది. దూదిలా మెత్తగా ఉండే మార్ష్‌మాలో మిఠాయిల్లో, పిల్లలు నమిలే గమ్మీల్లో, విటమిన్ గమ్మీల్లో, జెల్లీ పొడిలో ఉంటుంది. కొన్ని పెరుగు కప్పుల్లో చిక్కదనం కోసం వేస్తారు. పైన చక్కెర పూత ఉన్న కొన్ని గోధుమ సీరియల్స్‌లో, కొన్ని కేకుల క్రీములో, నోటి వాసనకి చప్పరించే కొన్ని బిళ్లల్లో కూడా ఉంటుంది. మన వాళ్లు పంది వద్దని హలాల్ మార్ష్‌మాలోలు కొంటుంటారు. హలాల్ అంటే పంది లేదని, జంతువే లేదని కాదు. అందులో సాధారణంగా వాడేది గొడ్డు జెలటిన్. మీ వాడికి రెండూ పనికిరావు. చేప జెలటిన్ అని స్పష్టంగా ఉంటే మాత్రం అది వేరు సంగతి.

లార్డ్ ఎక్కువగా పిండి వంటకాల్లో ఉంటుంది. అమెరికాలో మన పిల్లలు చపాతీ చేసుకునే ఓపిక లేక మైదా టోర్టియాలు కొని పెనం మీద వేడి చేసుకుంటారు. కొన్ని టోర్టియాల్లో, డబ్బాల్లో దొరికే ముద్ద రాజ్మా లాంటి రీఫ్రైడ్ బీన్స్‌లో, ‘పై’ అనే వంటకం అట్టల్లో పంది కొవ్వు వాడతారు. ఒకే కంపెనీవి రెండు ప్యాకెట్లు పక్కపక్కన ఉంటాయి, ఒకదాంట్లో నూనె, ఇంకోదాంట్లో లార్డ్. రంగు చూసి తీసుకుంటే పొరపాటు జరుగుతుంది. మీరు వెళ్లాక మొదటి వారం గోధుమపిండి కలిపి చపాతీలే చేయండి, వాడి పొట్టకి అంతకన్నా నిశ్చింత ఉండదు.

కోడి పర్లేదు, చేప పర్లేదు, గుడ్డు పర్లేదు. వీటిలో ఆల్ఫా గాల్ ఉండదు. అయితే నేను రెండోసారి దెబ్బతిన్నది కోడి ప్యాకెట్‌తోనే. ప్యాకెట్ ముందు వైపు ‘చికెన్ సాసేజ్’ అని అరచేయంత అక్షరాలు, కోడి బొమ్మ. రెండు వేయించుకుని ఉప్మాతో తిన్నాను. నాలుగు గంటల తర్వాత పెదాలు వాచాయి. చెత్తబుట్టలోంచి ఆ కవర్ తీసి, నీళ్లతో కడిగి, కిటికీ దగ్గర వెలుగులో చదివాను. చికెన్, ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి... జాబితా అంతా అయ్యాక చివర చిన్నగా ‘పోర్క్ కేసింగ్’ అని ఉంది. లోపల కూరిన ఖైమా కోడిదే, పైన తొడిగిన గొట్టం పంది పేగు. ఆ కవర్ చాలాకాలం ఫ్రిజ్ మీద అంటించి ఉంచాను. టర్కీ కోడి సాసేజ్ మీద గొర్రె పేగు, గొడ్డు కొలాజెన్ తొడుగు కూడా ఉంటాయి. అలాగే చికెన్ రుచి నూడుల్స్ మసాలా పొట్లంలో, చికెన్ సూప్ పొడుల్లో కొన్నిసార్లు గొడ్డు కొవ్వో, గొడ్డు మాంసం సారమో కలుస్తుంది.

పచ్చి చికెన్ కొనేటప్పుడు కూడా ఒక జాగ్రత్త. మన వాళ్లు వెళ్లే మాంసం కొట్లలో గడ్డకట్టిన మేకమాంసాన్ని కరెంటు రంపం మీద ముక్కలు కొడతారు. అదే రంపం, అదే మొద్దు మీద తర్వాత కోడి. మీ ఎదురుగా కడిగినా పళ్ల సందుల్లో రజను ఉండిపోతుంది. వాడి కోసం సూపర్ మార్కెట్లో సీలు వేసిన కోడి తీసుకుని ఇంట్లోనే ముక్కలు కోసుకోండి.

‘నేచురల్ ఫ్లేవర్స్’ అనే మాట దగ్గర మాత్రం నేను ఇప్పటికీ ఆగుతాను. ఆ రెండు మాటల వెనక ఏలకులూ ఉండొచ్చు, గొడ్డు మాంసం సారమూ ఉండొచ్చు. మాంసం, కోడి ఉత్పత్తుల్లో అయితే ఆ జంతువు పేరు చెప్పాలని అమెరికా వ్యవసాయ శాఖ నియమం ఉంది. చిప్స్, బిస్కెట్లు, సాస్‌లలాంటి మిగతా వాటికి ఆ కట్టుబాటు లేదు. ఈ విషయంలో మన భారతీయులు కోర్టుకి కూడా వెళ్లారు. మెక్‌డొనాల్డ్స్ 1990లో అమెరికాలో బంగాళాదుంప వేపుళ్లని గొడ్డు కొవ్వు మానేసి కూరగాయల నూనెలో వేయిస్తున్నామని ప్రకటించింది. శాకాహారులు ఎందరో నమ్మి తిన్నారు. ఆ ముక్కలకి ముందే గొడ్డు ఫ్లేవర్ పట్టిస్తారని తర్వాత బయటపడింది. 2001లో సియాటిల్‌లో హరీశ్ భారతి అనే లాయరు కేసు వేశారు. 2002లో కంపెనీ క్షమాపణ చెప్పి కోటి డాలర్లకి రాజీపడింది. ఇప్పుడు అమెరికాలో ఆ వేపుళ్ల జాబితాలో ‘నేచురల్ బీఫ్ ఫ్లేవర్’ అని కంపెనీయే రాస్తోంది. చదివితే కనపడుతుంది.

అనుమానంగా ఉంటే ప్యాకెట్ మీద ఫోన్ నంబరు ఉంటుంది. అబ్బాయి చేత చేయించండి. ‘ఇందులో మాంసం ఉందా’ అని అడిగితే ‘లేదు’ అనేస్తారు. ‘నేచురల్ ఫ్లేవర్స్‌తో సహా ఏదైనా పదార్థం ఆవు, పంది, గొర్రె నుంచి వచ్చిందా’ అని అడగాలి. నాకు జవాబు తెలియని ప్యాకెట్ నేను కొనను.

ఇక మన అదృష్టం ఒకటుంది, పిన్నిగారూ. మన దేశంలో తయారైన ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క. అమెరికాలో ఇండియన్ స్టోర్‌కి వెళ్తే చాలా ప్యాకెట్ల మీద అది కనపడుతుంది. ఆకుపచ్చ గడిలో ఆకుపచ్చ చుక్క ఉంటే జెలటిన్, లార్డ్, మాంసం సారం ఏవీ వాడకూడదు. పాలు, నెయ్యి, వెన్న మాత్రం ఉండొచ్చు, చట్టం వాటిని శాకాహారంగానే లెక్కేస్తుంది. గోధుమరంగు త్రిభుజం ఉంటే మాంసాహారం. అది ఒక్క గుడ్డు వల్ల కూడా అయి ఉండొచ్చు కాబట్టి జాబితా చదివి తేల్చుకోండి. పదార్థం పేరు బదులు కోడ్ నంబరు ఒక్కటే వేసి ఊరుకోవడం మీద 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు గట్టిగానే చెప్పింది. నూడుల్స్, చిప్స్‌లో వేసే 631 నంబరు పదార్థాన్ని ఉదాహరణగా తీసుకుని, అది మొక్క నుంచి వచ్చిందో జంతువు నుంచి వచ్చిందో వినియోగదారుడికి తెలియాలంది. ఎలర్జీ ఉన్న నాలాంటిదానికి ఆ తీర్పు ఎంత విలువైనదో మాటల్లో చెప్పలేను. 441 అనే నంబరు కనపడితే అది జెలటిన్, చీటీలో అదీ రాసుకోండి.

మోనో అండ్ డైగ్లిజరైడ్స్, గ్లిజరిన్, స్టియరిక్ యాసిడ్. బ్రెడ్డు నుంచి పేస్టు దాకా ఇవి లేని ప్యాకెట్ దొరకడం కష్టం. నూనె నుంచీ తీస్తారు, జంతువుల కొవ్వు నుంచీ తీస్తారు. ఈ ఎలర్జీ ఉన్న చాలామందికి ఇవి ఏమీ చేయవు. బాగా సున్నితంగా ఉన్న కొద్దిమందికి చేస్తాయి. వీటి కోసం మొదటి రోజు నుంచే బెంగపడి వాడి పళ్లెం ఖాళీ చేయకండి. జెలటిన్, కొవ్వులు, మాంసం సారాలు పూర్తిగా ఆపాక కూడా దద్దుర్లు వస్తుంటే అప్పుడు డాక్టరుతో కలిసి వీటి వైపు చూడాలి.

నెయ్యి గురించి అడిగారు. ఆ ప్రశ్న దగ్గర నాకు కళ్లు చెమర్చాయి. మా అమ్మ కూడా మొదట అడిగింది అదే. ఈ ఎలర్జీ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి పాలు, పెరుగు పడతాయి. కొంతమందికి పడవు. కొవ్వు ఎక్కువున్న వాటితో, అంటే ఐస్‌క్రీమ్, మీగడలతో ఇబ్బంది పడేవాళ్లున్నారు. వాడు ఇన్నాళ్లూ నెయ్యి తింటూ బాగానే ఉంటే మీరు మాన్పించనక్కర్లేదు. కానీ మొన్న కారణం తెలియకుండా దద్దుర్లు వచ్చాయన్నారు కాబట్టి, మీరు వెళ్లేలోపు వాడు ఎలర్జీ డాక్టరుని ఈ ఒక్క ప్రశ్న అడగాలి. డాక్టర్లు కొన్నాళ్లు పాల పదార్థాలు ఆపి చూద్దామనొచ్చు. అప్పుడు పప్పులో నువ్వుల నూనె వేసి, ఆవకాయ కలిపి పెట్టండి. నేను ఎనిమిది నెలలు అలాగే తిన్నాను. ఇప్పుడు నెయ్యి వేసుకుంటున్నాను, డాక్టరు చెప్పాకే. మటన్ పచ్చడి మాత్రం సంచిలో పెట్టుకోకండి. వాడికి ఎటూ వద్దు, అమెరికా కస్టమ్స్ వాళ్లు కూడా మన దగ్గర్నుంచి మాంసం పచ్చళ్లు రానివ్వరు.

మందుల సంగతి చెప్పకపోతే నా ఉద్యోగానికి అన్యాయం చేసినట్టే. చేప నూనె, విటమిన్ ఇ, విటమిన్ డి మెత్తటి క్యాప్సూల్స్ తొడుగు చాలా వరకు జెలటినే. మన దేశం నుంచి వాడి కోసం క్యాప్సూల్స్ కొని తీసుకెళ్లకండి. వాడు డాక్టరు రాసిన మందు వేసుకుంటుంటే సొంతంగా ఆపకూడదు. ఫార్మసిస్టుని అడిగితే బిళ్ల రూపంలో ఉందేమో చూస్తారు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ పంది పేగుల నుంచి తీస్తారు. ఆపరేషన్ ఏదైనా చేయించుకోవాల్సి వస్తే ఈ ఎలర్జీ ఉందని ముందే చెప్పాలి.

చివరగా ఒకటి, ఇది మీరు నేర్చుకునే వెళ్లాలి. డాక్టరు వాడికి తీవ్రమైన ఎలర్జీ వచ్చినప్పుడు పొడుచుకునే ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ పెన్ను రాసిచ్చి ఉంటారు. అది ఎక్కడ పెట్టాడో మొదటి రోజే చూడండి. ఎలా పొడవాలో వాడి చేత చూపించుకోండి. అర్ధరాత్రి దద్దుర్లతో పాటు ఆయాసం, గొంతు బిగుసుకోవడం, కళ్లు తిరగడం, ఆగని వాంతులు కనపడితే సెట్రిజిన్ బిళ్ల కోసం వెతుక్కుంటూ కూర్చోవద్దు. తొడ బయటి వైపు, ప్యాంటు మీద నుంచే పొడిచి, అమెరికాలో అత్యవసర నంబరైన 911కి ఫోన్ చేయండి. 2024లో న్యూజెర్సీలో 47 ఏళ్ల మనిషి హాంబర్గర్ తిన్న కొన్ని గంటలకి చనిపోయాడు. అంతకు రెండు వారాల ముందు రాత్రి గొడ్డు మాంసం తిని కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయాడు, అయినా ఎలర్జీ అని ఎవరికీ తట్టలేదు. మీ వాడి జబ్బుకి పేరు తెలిసింది. మిమ్మల్ని భయపెట్టాలని కాదు, పెన్ను చేతికందేలా ఉండాలని చెప్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మేం పుట్టుకతో శాకాహారులం. వర్జీనియాలో ఉంటాం. మా ఆవిడకి కొన్నాళ్లుగా నెలకి రెండుసార్లు అర్ధరాత్రి దద్దుర్లు, కడుపునొప్పి. పోయిన ఏడాది తోటలో పిడుదు కుట్టిన మాట నిజం. మాంసమే తినని వాళ్లకి మాంసం ఎలర్జీ ఏమిటని స్నేహితులు అంటున్నారు. అది నిజమేనా?

జవాబు: బాబూ, వాళ్ల మాట పట్టించుకోకండి. ఆల్ఫా గాల్ రక్తపరీక్ష చేయించండి. పిడుదుకి శాకాహారం మాంసాహారం తేడా లేదు, కుట్టిందంటే ఎలర్జీ ఎవరికైనా రావొచ్చు. ఇంట్లో మాంసం లేకపోయినా పాలు, మీగడ, ఐస్‌క్రీమ్, ఛీజ్, జెలటిన్ క్యాప్సూల్స్ ఉంటాయి కదా. కొన్ని ఛీజ్‌లలో పాలు విరగ్గొట్టడానికి లేగదూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వేస్తారు, జాబితాలో ‘ఎంజైమ్స్’ అని మాత్రమే ఉంటుంది. చాక్లెట్ పాలలో, బాదం పాలలో చిక్కదనానికి వేసే క్యారజీనన్ సముద్రపు నాచు నుంచి వచ్చేదే అయినా, అందులోనూ ఇలాంటి చక్కెరే ఉండి కొందరికి పడదు. వీగన్ అని, అంటే పాలతో సహా జంతువుల నుంచి వచ్చేదేదీ లేదని రాసి ఉన్న ప్యాకెట్లోనూ అది ఉండొచ్చు.

పరీక్ష అయ్యేలోపు ఒక పని చేయండి. దద్దుర్లు వచ్చిన ప్రతిసారీ టైము రాసి, అక్కడి నుంచి ఆరు గంటలు వెనక్కి లెక్కపెట్టి, ఆ మధ్యలో ఆవిడ తిన్నవి, తాగినవి, వేసుకున్న బిళ్లలు అన్నీ రాయండి. రాత్రి ఒంటిగంటకి వస్తే పడుకోబోయే ముందు తాగిన నీళ్లనో, చలినో అనుమానించకండి, ఏడింటి నుంచి తిన్నవి చూడండి. ప్రతి ప్యాకెట్ వెనక వైపు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. డాక్టరు దగ్గరకి ఆ కాగితం, ఆ ఫోటోలు, పిడుదు కుట్టిన నెల గుర్తుంటే అదీ పట్టుకెళ్లండి. ఈలోగా ఆయాసం గానీ, కళ్లు తిరగడం గానీ వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అప్పటికప్పుడే 911కి ఫోన్ చేయండి.